మూడు రోజులు నిలిపితే కారు స్టార్ట్ కావడం లేదు: కొత్త బ్యాటరీ వేసినా అదే సమస్య

గుంటూరు బాటసారి | శుక్రవారం, రాత్రి 9.40

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో 2013లో కొన్న చిన్న పెట్రోలు కారు ఉంది. నాన్నగారిని ప్రతి గురువారం ఫిజియోథెరపీకి తీసుకువెళ్లడానికి, అప్పుడప్పుడు తెనాలి దగ్గరున్న మా ఊరికి వెళ్లి రావడానికి తప్ప దానిని పెద్దగా బయటికి తీయము. రెండు నెలలుగా ఒకటే ఇబ్బంది. ఈ రోజు నడిపి రేపు తీస్తే మామూలుగా స్టార్ట్ అవుతుంది. రెండు రోజులు ఆగితే సెల్ఫ్ బరువుగా తిరుగుతుంది. మూడు రోజులు దాటితే, తాళం తిప్పగానే బానెట్ కింద టిక్ టిక్ మని శబ్దం వచ్చి మీటర్లలోని దీపాలన్నీ మసకబారిపోతాయి.

మా మెకానిక్ మొదట బ్యాటరీ పోయిందన్నారు. పాతదానికి నాలుగేళ్లు నిండాయి కనుక మారు మాట్లాడకుండా 35 ఆంపియర్ అవర్ల కొత్త బ్యాటరీ వేయించాను. రెండు వారాలు తిరగకుండానే మళ్లీ అదే వరస. ఇప్పుడు, ఇంజను నడుస్తుండగా బ్యాటరీని చార్జ్ చేసే డైనమో మార్చాలని, దానికి పదకొండు వేలు అవుతుందని చెబుతున్నారు. డబ్బు పెట్టడానికి వెనకాడను గానీ, అది మార్చిన తరువాత కూడా కారు ఇలాగే మొరాయిస్తే ఏం చేయాలన్నదే నా దిగులు. నిన్న నాన్నగారు చేతికర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉండగా కారు కదలలేదు. ఆటో దొరికేసరికి ఆయన ఇరవై నిమిషాలు నిలుచుండిపోయారు.

నా దగ్గర ఇంటి కరెంటు పనులకు వాడే మామూలు మల్టీమీటర్ ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవారు చెప్పగలరు. నంబరు ప్లేటు మీది దీపం కూడా కొంతకాలంగా వెలగడం లేదు. బల్బు పోయి ఉంటుంది, దానికీ దీనికీ సంబంధం ఉండదనుకుంటాను.

హనుమకొండ వాసి | శుక్రవారం, రాత్రి 10.15

బాటసారి గారూ, డైనమో మంచిదో కాదో తెలుసుకోవడానికి మా వైపు మెకానిక్కులు ఒక సులువైన పరీక్ష చేస్తారు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ ఊడదీస్తారు. ఇంజను ఆగకుండా నడిస్తే డైనమో బాగున్నట్టు, ఆగిపోతే పోయినట్టు. మా నాన్నగారి పాత కారుకు ఇలాగే చూసేవారు. మీరూ ఒకసారి ప్రయత్నించవచ్చు.

వైరింగ్ మేస్త్రి | శుక్రవారం, రాత్రి 11.05

హనుమకొండ వాసి గారు మంచి మనసుతోనే చెప్పారు, కానీ బాటసారి గారు ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదని నా మనవి. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లుగా కార్ల వైరింగ్ పని చేస్తున్నాను. ఈ పరీక్ష చేసి పాడు చేసుకున్న ఈసీయూలతో, అంటే ఇంజనును నడిపే కంప్యూటర్లతో, నా దగ్గరికి వచ్చినవారిని చాలామందిని చూశాను. కార్బ్యురేటర్ కార్ల రోజులలో పాడవడానికి లోపల కంప్యూటర్ ఉండేది కాదు కనుక ఆ పద్ధతి చెల్లింది. ఇప్పటి కారులో డైనమో ఉత్పత్తి చేసే కరెంటు హెచ్చుతగ్గులన్నీ బ్యాటరీయే తనలో ఇముడ్చుకుంటుంది. నడుస్తుండగా దానిని తప్పించారంటే, డైనమోను అదుపు చేసే రెగ్యులేటర్ సర్దుకునే లోపల వోల్టేజీ ఒక్కసారిగా పదుల వోల్టులకు ఎగిరి, ఈసీయూ మొదలుకొని మ్యూజిక్ సిస్టమ్ వరకు దేనినైనా కాల్చివేయగలదు.

మీ చేతిలో మల్టీమీటర్ ఉండగా ఏదీ ఊడదీయవలసిన పని లేదు. ముందు బ్యాటరీని బయటి చార్జరుతో నిదానంగా నింపించండి. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి మూడున్నర ఆంపియర్ల చొప్పున పది పన్నెండు గంటలు పెడితే చాలు. చార్జరు తీసిన తరువాత మూడు నాలుగు గంటలు ఆగి వోల్టేజీ చూడండి. 12.6 ఉంటే పూర్తిగా నిండినట్టు, 12.2 ఉంటే సగానికి వచ్చినట్టు, 12కు దిగితే పావు వంతే మిగిలినట్టు. తరువాత ఇంజను నడుపుతూ బ్యాటరీ బొడిపెల (టెర్మినళ్ల) మీదే కొలవండి. 13.8కీ 14.5కీ మధ్య ఉండాలి. హెడ్‌లైట్లు, ఏసీ వేసినా 13.5 కంటే దిగకూడదు. చివరగా మీటరును ఇంటి కరెంటు కొలిచే ఏసీ వోల్టుల వైపు తిప్పి, ఇంజను నడుస్తుండగానే అక్కడే చూడండి. అర వోల్టు దాటితే డైనమోలో ఏసీ కరెంటును డీసీగా మార్చే డయోడ్లను అనుమానించాలి. ఈ అంకెలు వచ్చేవరకు ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వవద్దు.

గుంటూరు బాటసారి | ఆదివారం, ఉదయం 8.20

మేస్త్రి గారూ, మీరు చెప్పినట్టే చేశాను. చార్జింగుకు ముందు బ్యాటరీ 11.7 ఉంది. నింపి, నాలుగు గంటలు ఆగి చూస్తే 12.65. ఇంజను నడుస్తుండగా 14.2, అన్ని దీపాలూ ఏసీ వేస్తే 13.9. ఏసీ వోల్టుల వైపు 0.03 మాత్రమే చూపింది.

వైరింగ్ మేస్త్రి | ఆదివారం, ఉదయం 9.00

అయితే మీ డైనమో నిక్షేపంగా ఉంది, మార్చవద్దు. బ్యాటరీ కూడా ఇప్పటికి బాగానే ఉంది. ఇక మిగిలింది, కారు నిలిపి ఉన్నప్పుడు ఏదో ఒకటి కరెంటు లాగుతూ ఉండడం. దానిని పట్టుకుందాం.

తాళం తీసి దూరంగా పెట్టండి. ఫ్యూజు పెట్టె డ్రైవరు మోకాళ్ల దగ్గర ఉంటుంది కనుక ఆ తలుపు తెరచి ఉంచి, తలుపు స్తంభం మీదుండే రబ్బరు బొత్తాం స్విచ్చిని టేపుతో నొక్కి పెట్టండి. అలా పెడితేనే కారు తన తలుపులన్నీ మూసి ఉన్నాయని అనుకుంటుంది. మల్టీమీటర్ ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చండి. చాలామంది ఇక్కడే పొరపడి మీటరులోని ఫ్యూజు పోగొట్టుకుంటారు. ఇప్పుడు పది నంబరు స్పానరుతో బ్యాటరీ నెగెటివ్ కేబుల్ ఊడదీసి, ఆ కేబులుకూ బ్యాటరీ బొడిపెకూ మధ్య మీటరును కలపండి. కలపగానే ఒకటి రెండు ఆంపియర్లు చూపవచ్చు, కంగారు పడవద్దు. కారులోని ఎలక్ట్రానిక్ పెట్టెలు ఒక్కొక్కటీ నిద్రలోకి జారుకోవడానికి అరగంట పట్టవచ్చు. మీటరు అలా ఉండగా తాళం తిప్పి సెల్ఫ్ కొట్టడం మాత్రం ఎప్పటికీ చేయవద్దు. అరగంట తరువాత 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే మామూలే. అంతకు మించి ఉంటే, ఫ్యూజులు ఒక్కొక్కటిగా లాగుతూ ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో రాసుకోండి.

కృష్ణలంక చందు | ఆదివారం, ఉదయం 10.30

ఈ చర్చను శ్రద్ధగా చదువుతున్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్‌నగర్‌లోని మా బావగారి ఇంటి ముందున్న నా కారులో సీట్ల వరకు నీళ్లు చేరాయి. కడిగించి, ఎండబెట్టించి, ఇంజను ఆయిల్ మార్పించి నడుపుతున్నాను. ఆరు నెలల తరువాత ఎడమ వైపు అద్దాలు దిగడం మానేశాయి, తరువాత సెంట్రల్ లాక్ తనంతట తానే పడడం మొదలైంది. కార్పెట్ కింద ఉన్న కనెక్టరు విప్పి చూస్తే పిన్నులు పచ్చగా చిలుము పట్టి, రెండు పిన్నులు తాకగానే పొడిగా రాలిపోయాయి. బాటసారి గారి కారు ఎప్పుడైనా నీటిలో నిలిచిందా?

గుంటూరు బాటసారి | ఆదివారం, ఉదయం 10.50

లేదు చందు గారూ, మా వీధి కాస్త మెరక. వానకు తడవడమే తప్ప నీరు లోపలికి వెళ్లలేదు.

గుంటూరు బాటసారి | ఆదివారం, మధ్యాహ్నం 1.35

కొలిచాను. కలపగానే 1.8 ఆంపియర్లు, పది నిమిషాలకు 0.44కు దిగి, ఆ తరువాత నలభై ఐదు నిమిషాలు చూసినా కదలలేదు. ఫ్యూజులు ఒక్కొక్కటీ తీసి చూశాను. పదిహేను ఆంపియర్ల నీలం ఫ్యూజు తీయగానే అంకె 0.02కు పడిపోయింది. మూత మీద ఆ ఫ్యూజు దగ్గర లోపలి దీపం బొమ్మ, మ్యూజిక్ సిస్టమ్ బొమ్మ పక్కపక్కన ఉన్నాయి. లోపలి దీపం ఆరే ఉంది. మ్యూజిక్ సిస్టమ్ మూడేళ్ల కింద బయట వేయించినది కనుక దాని వెనక ప్లగ్ ఊడదీశాను, అయినా 0.44లో మార్పు లేదు. ఇక్కడ ఆగిపోయాను.

ఫిజిక్స్ మాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 2.10

మీరు ఆగిపోలేదు, దాదాపు చేరుకున్నారు. 0.44 ఆంపియర్లను 24 గంటలతో హెచ్చవేస్తే రోజుకు పదిన్నర ఆంపియర్ అవర్లు. మూడు రోజులకు 31 పైచిలుకు. మీ బ్యాటరీ మొత్తం 35. మూడో రోజున కారు ఎందుకు మొరాయిస్తున్నదో ఈ ఒక్క గుణకారమే చెబుతున్నది. అదే 0.02 అయితే బ్యాటరీ సగానికి రావడానికి నెల రోజులకు పైగా పడుతుంది.

ఫ్యూజు తీసినప్పుడు తగ్గినది 0.42 ఆంపియర్లు. దానిని 12 వోల్టులతో హెచ్చవేస్తే 5 వాట్లు. నిద్రపోని మ్యూజిక్ సిస్టమ్ గానీ, తడిసిన కనెక్టరు గానీ ఇంత స్థిరంగా, ఇంత గుండ్రటి అంకెను ఇవ్వడం అరుదు. కారులో 5 వాట్ల వస్తువు అంటే నాకు తట్టేది ఒక్కటే, చిన్న బల్బు. మీ కంటికి కనబడని చోట ఒక బల్బు రాత్రింబవళ్లు వెలుగుతున్నదని నా ఊహ.

వైరింగ్ మేస్త్రి | ఆదివారం, మధ్యాహ్నం 2.30

మాస్టారు గారి లెక్క సరిగ్గా ఉంది. మీ కారులో డిక్కీ దీపం ఉందా? ఉంటే ఫోనులో వీడియో పెట్టి, ఫోనును డిక్కీలో ఉంచి మూత వేసి, ఒక నిమిషం తరువాత తీసి చూడండి.

గుంటూరు బాటసారి | ఆదివారం, రాత్రి 7.50

వీడియో చూసి ఒక క్షణం మాట రాలేదు. మూత పడిన శబ్దం వినిపించిన తరువాత కూడా డిక్కీ అంతా పసుపు వెలుగుతో నిండి ఉంది. స్టెప్నీ కవరు మీది నూలుపోగులు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా కనబడుతున్నాయి. ప్లాస్టిక్ మూత తీసి బల్బును తాకబోతే వేళ్లు చురుక్కుమన్నాయి. దానిని తీసివేసి మళ్లీ మీటరు పెడితే 0.02. రెండు నెలలుగా ఆ బల్బు అక్కడ వెలుగుతూనే ఉంది.

బల్బు తీసేసి ఊరుకోవచ్చునా, లేక డిక్కీ తాళంలోని స్విచ్చి మార్చాలా?

హనుమకొండ వాసి | ఆదివారం, రాత్రి 8.15

మొదటి రోజు నేను ఇచ్చిన సలహా తప్పని గ్రహించాను. మేస్త్రి గారు అడ్డుపడినందుకు కృతజ్ఞతలు. స్విచ్చి విషయానికి వస్తే, బల్బు తీసేస్తే సమస్య తీరినట్టే కదా?

వైరింగ్ మేస్త్రి | ఆదివారం, రాత్రి 9.10

ఊరుకోవద్దు. బాటసారి గారు మొదటి రోజున నంబరు ప్లేటు దీపం వెలగడం లేదని రాశారు. అప్పుడే నాకు చిన్న అనుమానం కలిగింది గానీ, అంకెలు రాకుండా మాట తూలడం ఇష్టం లేక ఊరుకున్నాను. డిక్కీ తలుపుకు వెళ్లే తీగలన్నీ పైన కీలు పక్కన ఒక నల్లని రబ్బరు గొట్టంలో నుంచి పోతాయి. తలుపు ఎత్తి దించిన ప్రతిసారీ ఆ తీగలు ఒకే చోట మడత పడతాయి. పదేళ్లు దాటిన కార్లలో మొదట పైతొడుగు పగులుతుంది, తరువాత రాగి తెగుతుంది. ఆ రబ్బరును రెండు చివర్లా మెల్లగా వెనక్కి లాగి చూడండి.

గుంటూరు బాటసారి | సోమవారం, రాత్రి 8.45

మేస్త్రి గారూ, మీరు పక్కన నిలబడి చూసినట్టే చెప్పారు. రబ్బరు గొట్టం వెనక్కి లాగగానే ఆరు తీగలు బయటపడ్డాయి. ఒక నల్ల తీగ పూర్తిగా తెగి రెండు ముక్కలైంది, అది నంబరు ప్లేటు దీపానిది. దాని పక్కన ఉన్న సన్నని ఆకుపచ్చ తీగకు అంగుళం మేర తొడుగు ఊడిపోయి, లోపలి రాగి పోగులు నల్లబడి కీలు ఇనుముకు ఆనుకుని ఉన్నాయి. ఇంకో రెండు తీగలకు పగుళ్లు వచ్చాయి గానీ రాగి బయటపడలేదు. బల్బు మళ్లీ పెట్టి ఆ ఆకుపచ్చ తీగను వేలితో ఇనుము నుంచి పక్కకు జరపగానే డిక్కీ దీపం ఆరిపోయింది, వదిలితే మళ్లీ వెలిగింది.

ఒక సందేహం. తీగ బాడీకి తగిలితే షార్ట్ అయినట్టే కదా, మరి ఫ్యూజు ఎందుకు పోలేదు?

ఫిజిక్స్ మాస్టారు | సోమవారం, రాత్రి 9.20

మంచి ప్రశ్న. మీ డిక్కీ దీపానికి బ్యాటరీ పాజిటివ్ ఎప్పుడూ అందుతూనే ఉంటుంది. తలుపు తెరిచినప్పుడు తాళంలోని స్విచ్చి ఆ దీపం రెండో కొసను బాడీకి, అంటే ఎర్తుకు కలుపుతుంది. మీ ఆకుపచ్చ తీగ ఆ స్విచ్చికి వెళ్లే తీగ. అది దారిలోనే ఇనుముకు తగిలినందువల్ల స్విచ్చి చేయవలసిన పనిని తానే చేసింది. కరెంటు మాత్రం బల్బు గుండానే పోవాలి కనుక అర ఆంపియరు కూడా దాటలేదు. పదిహేను ఆంపియర్ల ఫ్యూజుకు అది పట్టించుకోదగిన భారమే కాదు. అదే బల్బుకు ముందున్న పాజిటివ్ తీగ తగిలి ఉంటే ఆ క్షణమే ఫ్యూజు పోయేది, మీకు ఈ బాధా తప్పేది.

వైరింగ్ మేస్త్రి | సోమవారం, రాత్రి 9.45

బాగు చేసేటప్పుడు ఒక జాగ్రత్త. తెగిన చోటనే మెలిపెట్టి టేపు చుడితే వానాకాలం దాటదు. అక్కడే సోల్డరింగ్ చేసినా నిలవదు. సోల్డర్ పట్టిన తీగ బిరుసెక్కి, మడత పడే చోట దాని అంచునే మళ్లీ తెగుతుంది. పగిలిన తీగలు నాలుగింటికీ మడత పడే భాగాన్ని పూర్తిగా కోసివేసి, అడుగు పొడవున కొత్త తీగ వేయండి. సన్నని పోగులు ఎక్కువగా ఉండే మెత్తని ఆటో తీగనే, అదే మందంలో అడిగి తీసుకోండి. అతుకులు రబ్బరు గొట్టానికి అటూ ఇటూ, బాడీ లోపలా తలుపు లోపలా రావాలి. ఒక్కో వైపు వచ్చే నాలుగు అతుకులూ ఒకే చోట గుంపుగా పడకుండా ఎగుడుదిగుడుగా వేసి, ఒక్కొక్కదానికి వేడి చేస్తే ముడుచుకుని పట్టేసే హీట్ ష్రింక్ స్లీవ్ తొడగండి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసి, అన్నీ అయిన తరువాత చివరగా దానిని కలపండి.

గుంటూరు బాటసారి | బుధవారం, సాయంత్రం 6.30

మీరు చెప్పిన పద్ధతిలోనే ఒక ఆటో ఎలక్ట్రీషియన్ చేత చేయించాను, నేను పక్కనే ఉన్నాను. తీగలకూ పనికీ కలిపి ఆరువందల యాభై అయింది. నంబరు ప్లేటు దీపం వెలిగింది, డిక్కీ మూయగానే దీపం ఆరుతున్నది. ఫోను పెట్టి రెండుసార్లు చూశాను. నిలిపి ఉంచితే 0.02 మాత్రమే.

అయితే ఒక విషయం మిగిలిపోయింది. బ్యాటరీ నిండుగా 12.6 ఉన్నా సెల్ఫ్ ఇంకా కాస్త బరువుగానే తిరుగుతున్నది. స్టార్ట్ అవుతుంది గానీ, కొన్న కొత్తలో ఉన్న చురుకు లేదు. ఇది వయసు వల్లనేనా?

వైరింగ్ మేస్త్రి | బుధవారం, రాత్రి 8.00

వయసు అని వదిలేయకండి. ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని, ఆ క్షణంలో మూడు చోట్ల వోల్టులు కొలవండి. మొదట బ్యాటరీ రెండు బొడిపెల మధ్య. తరువాత ఎర్ర మొన బ్యాటరీ పాజిటివ్ బొడిపె మీద, నల్ల మొన సెల్ఫ్ మోటారు లావుపాటి బోల్టు మీద. చివరగా ఎర్ర మొన ఇంజను ఇనుము మీద, నల్ల మొన బ్యాటరీ నెగెటివ్ బొడిపె మీద. మొదటిది 9.6 కంటే దిగకూడదు, రెండోది అర వోల్టు దాటకూడదు, మూడోది 0.2 దాటకూడదు. మొనలను సీసపు బొడిపె మీదే ఆనించాలి, దాని చుట్టూ ఉన్న క్లాంపు మీద కాదు.

గుంటూరు బాటసారి | బుధవారం, రాత్రి 9.25

మా తమ్ముడిని తాళం దగ్గర కూర్చోబెట్టి కొలిచాను. బొడిపెల మధ్య 10.6, పాజిటివ్ వైపు 0.25, ఇంజనుకూ నెగెటివ్ బొడిపెకూ మధ్య 0.9. మూడోది ఎక్కువ కనుక అక్కడ మీటరును అడ్డంకి కొలిచే ఓమ్‌ల మీద పెట్టి కూడా చూశాను, 0.2 మాత్రమే చూపింది. రెండు మొనలనూ ఒకదానికొకటి తాకించినా అదే 0.2 వస్తున్నది. ఏది నమ్మాలి?

ఫిజిక్స్ మాస్టారు | బుధవారం, రాత్రి 9.50

వోల్టులనే నమ్మండి. సెల్ఫ్ మోటారు నూరు ఆంపియర్లు లాగుతున్నదనుకుంటే, 0.9 వోల్టు పోగొట్టడానికి 9 మిల్లీ ఓమ్‌ల అడ్డంకి చాలు. మీ మీటరు తీగల అడ్డంకే అంతకు ఇరవై రెట్లు ఉంది కనుక ఓమ్‌ల కొలతలో అది కనబడదు. ఎర్తు దారి భారం మోస్తున్నప్పుడు మాత్రమే తన లోపాన్ని బయటపెడుతుంది.

వైరింగ్ మేస్త్రి | బుధవారం, రాత్రి 10.05

బ్యాటరీ నెగెటివ్ నుంచి గేర్‌బాక్సు మీదికి వెళ్లే లావు కేబులును చూడండి. ఆ బోల్టు విప్పి, కేబులు చివరి కన్నును, కింద ఇనుమును లోహం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూయండి. బ్యాటరీ క్లాంపుల దగ్గర తెల్లగా పొంగి ఉంటే వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడగండి. ఆ నీరు బ్యాటరీ మూతల లోపలికి పోకూడదు.

గుంటూరు బాటసారి | మరుసటి మంగళవారం, రాత్రి 8.10

బోల్టు విప్పగానే కేబులు కన్ను కింద ఆకుపచ్చని పొడి, దాని కింద తుప్పు, మధ్యలో గింజంత చోట మాత్రమే లోహం లోహానికి తగిలిన గుర్తు కనబడ్డాయి. రుద్ది బిగించిన తరువాత 0.9 కాస్తా 0.12 అయింది. సెల్ఫ్ ఒక్క చుట్టుకే అందుకుంటున్నది. గురువారం నాన్నగారిని తీసుకువెళ్లి వచ్చి, కావాలనే కారును ఐదు రోజులు కదల్చకుండా ఉంచాను. ఈ సాయంత్రం తీయబోయే ముందు కొలిస్తే 12.56 ఉంది. నాన్నగారే వచ్చి తాళం తిప్పుతానన్నారు. తిప్పిన వెంటనే స్టార్ట్ అయింది.

చందు గారి మాట గుర్తుకు వచ్చి, ఆ రబ్బరు గొట్టం చివర్లు నీరు పోకుండా సరిగ్గా కూర్చున్నాయో లేదో కూడా చూసి నొక్కాను. ఈ కొత్త బ్యాటరీ కూడా ఐదారుసార్లు అడుగంటింది కదా, దాని ఆయువు తగ్గి ఉంటుందా?

వైరింగ్ మేస్త్రి | మంగళవారం, రాత్రి 8.40

కొంత తగ్గే ఉంటుంది, అడుగంటిన ప్రతిసారీ పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. నెలకు ఒకసారి ఉదయం తీయకముందు వోల్టులు కొలిచి, తేదీతో గోడ మీది క్యాలెండరులో రాసుకోండి. 12.4కు దిగడం మొదలైతే ముందుగా ఒకసారి నిండా చార్జ్ చేయించి చూడండి. వారంటీ కార్డు మాత్రం జాగ్రత్తగా ఉంచండి.